మందు చల్లగానే ఉంది

"పూడ్చేసినావా? పన్నెండింటినీనా?"

పశువుల డాక్టరు తిలక్ స్కూటరు దిగకుండానే అడిగాడు. గొర్రెలకు టీకా వేద్దామని పొద్దున్నే ఊత్తంగరై నుంచి కల్లావికి వచ్చిన మనిషి. తీరా వస్తే టీకా సీసా ఉంది, గొర్రెలు లేవు.

"పూడ్చేసినాను సార్," అన్నాడు కదిరప్ప. "ఎండిపోయిన పాత బాయిలో వేసి మన్ను తోసేసినాను."

"ఎప్పుడు చచ్చినాయి?"

"కోడి కూసేలోపల అన్నీ అయిపోయినాయి. కడుపులుబ్బి, కాళ్ళు తన్నుకోని."

గడప మీద కూర్చున్న నంజమ్మ ఆ మాటలు ఎవరింటి సంగతో విన్నట్టు వింది. తెల్లారినప్పటి నుంచి ఆమెకు కంట చుక్క రాలేదు. ఏడుద్దామని చూసింది కూడా. పిల్లల్లాగా సాకిన గొర్రెలు పోతే గుండె ఇంత మొద్దుబారడం ఏమిటో ఆమెకే తెలియలేదు. కాళ్ళు చాపుకుని కూర్చుంది, అంతే.

తొంభై ఎనిమిది జూన్ నెల. తొలి వానకు మొలిచిన లేత గడ్డి తిని మందలకు మందలు ఉబ్బి పడిపోయే రోగం ఒకటుంది. ఈ టీకా దానికే. నిన్న మధ్యాహ్నమే కదిరప్ప ఆస్పత్రి నుంచి సీసా తెచ్చి పెట్టాడు.

"ఒక్కదాన్నన్నా పైకి తియ్యి కదిరప్పా. అవి చెవి బిళ్ళలుండే సర్కారు గొర్రెలు. కోసి చూసి, దేనివల్ల పోయినాయో నేను రాసిస్తేనే మళ్ళీ పన్నెండు ఇస్తారు. లేకపోతే ఒక్కటీ రాదు."

"కోసేది వద్దు సార్. తప్పు నాదే. చెరువు కట్ట కింద లేత గడ్డికి తోలినాను."

నంజమ్మ తలెత్తి మొగుడి వైపు చూసింది. ఆయన ఇటు చూడలేదు.

డాక్టరు విసుగ్గా సీసా అందుకుని, ఉలిక్కిపడ్డాడు. "ఇంత చల్లగా ఉండాదే. మీ ఊళ్ళో రెండు దినాలుగా కరెంటు లేదంటిరి. ఐసు యాడిది?"

"ఐసు కాదు సార్, యూరియా," అంది లోపలి నుంచి వచ్చిన కూతురు భూమిక. ప్లస్ టూ చదువుతున్న పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. "నీళ్ళల్లో కరిగేటప్పుడు చుట్టూ ఉండే వేడిని లాగేసుకుంటాది. సున్నంలో నీళ్ళు పోస్తే కుతకుతా ఉడుకుతాది కదా, అక్కడ వేడి బయటికొస్తాది. ఇక్కడ లోపలికి పోతాది. ఎంథాల్పీ పాఠంలో చెప్పినారు. కుండలో యూరియా నీళ్ళు పోసి, మధ్యలో సీసా పెట్టినాను."

"కరిగేది అయిపోతే?"

"మళ్ళా వేడెక్కుతాది సార్. అందుకే నిన్న పొద్దుగూకేలోపల మూడు తూర్లు, తెల్లారుజామున ఇంకో తూరి మార్చినాను."

"మా ఆస్పత్రి ఫ్రిజ్జు కంటే నీ కుండే మేలు పాపా," అన్నాడు డాక్టరు మనస్ఫూర్తిగా.

"బస్సొచ్చే టైమైంది. బడికి పో పాపా," అన్నాడు కదిరప్ప. ఆ పిల్ల కదలకపోతే పుస్తకాల సంచి తనే తెచ్చి భుజానికి తగిలించాడు. పిల్ల ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

డాక్టరు ముఖం కడుక్కుంటానంటే నంజమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, కింద బేసిన్ పెట్టింది. బోరులో నీళ్ళు సన్నగిల్లినప్పటి నుంచి ఆ ఇంట్లో చుక్క నేలపాలు కాదు. బియ్యం కడిగినా, చేతులు కడిగినా అన్నీ గొర్రెల తొట్టికే. అలవాటు కొద్దీ బేసిన్ ఎత్తుకుని దొడ్లోకి పోయింది. తొట్టి తళతళా తోమి బోర్లించి ఉంది. తాగేవాళ్ళు లేరు కదా, ఆయనే బోర్లించి ఉంటాడనుకుంది. బేసిన్‌తో కాసేపు అక్కడే నిలబడి, నీళ్ళు మిరప మడిలో పోసి వచ్చింది.

"సాయంత్రం దాకా ఆస్పత్రిలోనే ఉంటాను. మనసు మారితే కబురు పెట్టు," అని డాక్టరు స్కూటరెక్కాడు.

దుమ్ము అణిగాక నంజమ్మ నోరు విప్పింది.

"చెరువు కట్టకి ఎప్పుడు తోలినావు? టీకా వేసేదాకా బయటికి తోలకూడదని నిన్న దొడ్లోనే కట్టేస్తిమే."

కదిరప్ప తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు.

"వాటికి రోగమూ లేదు, నొప్పీ లేదు. నిన్న కూలికి పోయి వచ్చి, ఇంట్లో పట్టి పెట్టిన నీళ్ళన్నీ నేనే ఎత్తి పోసినాను. ఎండకి మాడి ఉన్నాయేమో, కడుపార తాగినాయి. రోగమొచ్చిన గొర్రె అట్ల తాగుతాదా?"

"లోపలికి పో నంజీ."

"ఎవురిని దాస్తా ఉండావు? గట్టు తగాదా మనసులో పెట్టుకోని పక్క చేని చౌడప్ప ఏమన్నా పెట్టినాడా?"

"వాడి ఊసు ఎత్తొద్దు. వాడికేం తెలీదు."

"అట్లయితే నీకు తెలుసు."

నంజమ్మకు మొట్టమొదటిసారి కోపం వచ్చింది. పొద్దుటి నుంచి లోపల ఏదీ కదలని మనిషికి ఆ కోపమే పెద్ద ఆసరాగా అనిపించింది. మూలనున్న పార అందుకుని పాత బావి దారి పట్టింది.

"నేనే తవ్వి తీస్తాను. డాక్టరు కోసి చూస్తే, నా గొర్రెల్ని చంపిందెవురో ఊరంతా చూస్తాది. వాళ్ళని మట్టుకు వదిలేది లేదు."

కదిరప్ప పరుగున వెళ్ళి పార కర్ర పట్టుకున్నాడు. ఆమె గుంజింది, ఆయన వదల్లేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన కళ్ళల్లో నీళ్ళు ఆమె ఎన్నడూ చూడలేదు.

"వదులు. ఎవురో చెప్పు, వదులుతాను," అంది నంజమ్మ.

"యూరియా గొర్రెకి విషం నంజీ. నిన్న నువ్వు తొట్టిలో పోసింది పాప మార్చి పక్కన పెట్టిన నీళ్ళే."