గట్టి టైర్లే బిగించు

“ఒకవేళ టైరు పేలి కారు పల్టి కొడ్తే నా కొడుకు గతేంగాను?”

కారింకా జాకీ మీదికి కూడా ఎక్కలేదు. భూలక్ష్మి మాత్రం అప్పటికే మనసులో కొడుకును దవాఖానలో చేర్పించింది, సెలైన్ సీసా ఎక్కించింది, మంచం పక్కన కూర్చుని ఏడుపు కూడా మొదలుపెట్టింది.

“జర నిమ్మళంగుండమ్మా,” అన్నాడు ఓంకార్. హైటెక్ సిటీ ఆఫీసు నుంచి తిన్నగా వచ్చాడు. మెడలో కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

“ఎట్లుంటరా నిమ్మళంగ? వారమంత ఆఫీసుకు పోయే కారు, ఐతారమొస్తే తెల్లాపూర్ అవతల రేసు ట్రాకు మీద గిరగిర తిరుగుతదా? ఎదురింటి జ్యోత్స్న కండ్లార జూసిందంట మన కారును. నాకు తెల్వదనుకున్నవా?”

ఓంకార్ మెడలోని కార్డు తీసి జేబులో వేసుకున్నాడు.

మియాపూర్ డిపో దగ్గరి టైర్ల దుకాణం అది. ఊరేగింపు వస్తోందని షట్టరు సగానికి దించి ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటింది. రోడ్డు మీద ఒక్క ఆర్టీసీ బస్సు లేదు. అందుకే బస్సు డ్రైవరు పెంటయ్య, భూలక్ష్మి భర్త, పగటిపూట పని లేక వాళ్ల వెంట వచ్చి మూలన స్టూలు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

దుకాణం యజమాని సామ్యేలు భీమవరం మనిషి. వంగి పాత టైరు మీద అరచెయ్యి రాశాడు.

“అంచులు నున్నగా అరిగిపోయినియ్యండి. మలుపుల్లో గట్టిగా తిప్పితేనే ఇలా అవుద్ది.” లేచి రెండు రకాల టైర్లు దొర్లించుకొచ్చాడు. “ఇవి మెత్త రబ్బరండి. ట్రాకు మీద ఉడుంపట్టే. కాకపోతే త్వరగా అరుగుతాయి, వానలో కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇవి గట్టియ్యండి. ఆఫీసుకెళ్లి రావడానికైతే నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు.”

“రెండింటికి పనికొచ్చేటివి లేవా అన్నా?” అడిగాడు ఓంకార్.

“మధ్యరకం ఉన్నాయండి. అక్కడ సగం, ఇక్కడ సగం.”

“సగం పానం దక్కితే సాలా?” భూలక్ష్మి కసిరింది. “గట్టియి బిగించు సామేలన్నా. నాలుగేండ్లు ఫికరుండదు.”

సామ్యేలు మెడ గోక్కున్నాడు. “చెప్పకపోతే నా తప్పవుద్దమ్మా. గట్టివాటితో ట్రాకు మీద అదే జోరుగా వెళ్తే పట్టు తప్పుద్దండి. మలుపులో కారు తిరగదు, తిన్నగా గోడకే పోద్ది.”

మెత్తవి వేస్తే వాన, గట్టివి వేస్తే గోడ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భూలక్ష్మి మొగుడి మీద విరుచుకుపడింది.

“నువ్వన్న ఒక మాట జెప్పరాదయ్యా! ఐతారం ఐతారం యూనియన్ మీటింగని పోతవు. కొడుకు ఏడ వడి సస్తుండో నీకు పట్టదు.”

పెంటయ్య పేపరు తిరగేశాడు. “వాడేమన్న సన్నపిల్లగాడా?”

అంతలో షట్టరు కింది నుంచి ఒక తల లోపలికి వచ్చింది. మెడలో గులాబీ కండువా.

“అన్నా, పాత టైర్లు రెండియ్యే. చౌరస్తల కాలవెట్టాలె.”

“పట్టుకెళ్లండి. నా కొట్టు జోలికి మాత్రం రావొద్దండి బాబూ.”

“నీ జోలికెందుకొస్తమే? నువ్వు మూసుకొని పోతే మాకు టైర్లెవలిస్తరు?”

అందరూ నవ్వారు, భూలక్ష్మి తప్ప. ఆ మనిషి టైర్లు దొర్లించుకుపోయేదాకా ఆగి, కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

“ఇగ నాతోని గాదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టు. ట్రాకు మీద కారు నడపనని ఒట్టెయ్యి. తప్పినవనుకో, నన్ను సంపుకున్నట్టే.”

కొడుకు వాదిస్తాడనుకుంది, తప్పించుకుంటాడనుకుంది. ఓంకార్ తడుముకోకుండా ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు.

“నీ మీద ఒట్టమ్మా. నా జిందగీల ట్రాకు మీద కారు నడప.”

భూలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు వారాల దిగులు దిగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇన్నవా సామేలన్నా? గట్టి టైర్లే బిగించు!”

సామ్యేలు జాకీ పెట్టి కారు లేపాడు. నట్లు విప్పి పాత టైరు పీకాడు. గట్టి టైరును చక్రానికెక్కించడానికి చేతిలోకి తీసుకునేసరికి ఓంకార్ అడ్డం వచ్చాడు.

“వద్దన్నా. గట్టియి వద్దు. మెత్తయే ఎయ్యి.”

భూలక్ష్మి చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి పోయింది.

“ఏందిరా? ఒట్టేసి గడియ గాలే! నీ అమ్మ సచ్చినా మంచిదేనా?”

“ఒట్టు ఒట్టేనమ్మా. నేను నడప.”

“నువ్వు నడపకుంటే ఆ మెత్త టైర్లు ఎవనికిరా?”

ఓంకార్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. సామ్యేలు టైరు పట్టుకుని ఒకసారి తల్లిని, ఒకసారి కొడుకును చూశాడు. బయట నినాదాలు దగ్గరికొచ్చాయి, దుకాణం దాటాయి, దూరమయ్యాయి.

“అడుగుతున్న గదరా! ఎవనికి?”

మూలనుంచి, పేపరు వెనక నుంచి జవాబొచ్చింది.

“నాకేనే... మీటింగని పోయేది ఆడికే. స్టాపులు లేకుంట బండి నడుపుడు ఎట్లుంటదో సూడబుద్ధయింది.”