దారం కొలత

బూట్లు కొనాలి. టైలర్ దగ్గర యూనిఫాం తెచ్చుకోవాలి. అత్తకు షుగర్ గోళీలు తీసుకోవాలి. చీకటి పడేలోపు కోటగిరి ఆటో ఎక్కాలి.

కూతురితో బాన్సువాడలో దిగినప్పటి నుంచి ప్రేమల ఇదే వల్లె వేసుకుంటోంది.

అన్నిటికన్నా ముందు బూట్లు. బడులు తెరుస్తున్నారని ఆశన్న తన దుకాణం ముందు బోర్డు పెట్టాడు: 'పిల్లల బూట్లకు ట్యాక్స్ మాఫీ.' ఇవాళే ఆఖరు. రేపటి ధరకు ఆమె కూలి చాలదు. ఉత్త కాళ్ళతో బడికి పోనని కూతురు కృప మొండికేసింది.

నిరుడు భర్త దవాఖానలో ఉంటే, బడిలో కృపకు ఎవరో బూట్లు ఇప్పించారు.

"మా ఊరి దిక్కాయన. పేరు చెప్పొద్దన్నడమ్మా," అన్నాడు సారు.

ఆ మనిషికి ఒక్కసారి దండం పెట్టాలని ప్రేమలకు ఇప్పటికీ ఉంది.

లైను కదలడం లేదు.

ముందర ఒక ముసలాయన. పక్కన పిల్లలెవరూ లేరు. చేతిలో దారాల కట్ట. ఒక్కో దారం బూటులో పెట్టి చూస్తున్నాడు.

"నిరుటి కొలతలు బిడ్డా. వేలెడు ఎక్కువ చూడాలె," అన్నాడు ఆశన్నతో.

"ఏంది తాతా, దుకాణమంతా నువ్వే కొంటవా?" వెనక నుంచి ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

"ఆరు గంటలకు మాఫీ బంద్!" ఆశన్న అరిచాడు.

ప్రేమల ముందుకు జరిగింది. ముసలాయన చేతిలో నల్లబూట్లు. కృప సైజులో అదే ఆఖరి జత.

"గవి ఇటియ్యి తాతా. నా బిడ్డ ఎదురుంగ నిలబడ్డది. నీ దారాలకేం తొందర? రేపు రా!"

"రేపైతే గిన్ని జతలు రావు తల్లీ..."

"గది నీ ఫికర్. జరుగు!"

లాక్కుంది. జనం తోసుకొచ్చారు. ముసలాయన లైను బయట పడ్డాడు.

"సరె తీ. పిల్లకే గద, ఏస్కోనియ్యి," అన్నాడు.

మళ్ళీ ఆయన వంతు వచ్చేసరికి ఆరు దాటింది. ఏరుకున్న జతల్లో సగం వెనక్కి ఇచ్చేసి మెట్లు దిగాడు.

ప్రేమలకు మనసొప్పలేదు. "గాయన ఎవరు, ఆశన్నా?"

"లచ్చిరాం. జుక్కల్ దిక్కు తండా. చెరుకు పైసలు రాంగనే ఏటా వస్తడు. ఎవల పిల్లలకో మరి."

కృప బూటులో కాలు పెట్టి, తీసింది. లోపల ఒక దారం. కొసకు ఎర్ర రిబ్బను ముక్క.

"అమ్మా, గిది నా రిబ్బనే! నిరుడు సారు నా కాలు కొలిచి దారానికి కట్టిండు."

ప్రేమల బస్టాండుకు ఉరికింది. జుక్కల్ ఆటో అప్పటికే వెళ్ళిపోయింది.

తండాకు పోయి కలవాలనుకుంది. నాట్లు, కలుపులు అడ్డమొచ్చాయి. దసరాకు పోయేసరికి లచ్చిరాం కాలం చేశాడు.

బడులు తెరిచే రోజుల్లో మీ ముందర ఎవరైనా నిదానంగా దారాలు కొలుస్తుంటే తొందరపెట్టకండి; ప్రేమల బిడ్డ కోసమే లైనులో నిలబడి, ప్రేమల చేతనే గెంటించుకున్న లచ్చిరాంను ఒక్కసారి గుర్తు చేసుకోండి.