ఆరో గుర్రం

"ఈ చీటీ చెల్లదు మాస్టారూ," అన్నాడు వెంకటకృష్ణ, కాగితాన్ని కంప్యూటర్ బల్ల మీద పడేస్తూ.

దస్రు మాస్టారు ఇంకా చేతిసంచీ కూడా కింద పెట్టలేదు. "ఎందుకు చెల్లదన్నా? బస్సు రాకపోతే తర్వాతి బస్సుల వచ్చినా చెల్లుతదని నువ్వే గదా రూల్ పెట్టినవ్?"

నిజమే, పెట్టాడు. అశ్వారావుపేటలో నెట్ సెంటర్ నడుపుతూ, సరదాకి ఇంటర్నెట్‌లో గుర్రప్పందేల పోటీ మొదలుపెట్టినవాడు వెంకటకృష్ణే. పైసా పందెం లేదు. హైదరాబాద్‌లో ఆదివారం పరిగెత్తే గుర్రాల జాబితా శుక్రవారం వస్తుంది. ఏ గుర్రం ఎంత బరువు మోయాలి, కిందటిసారి అది ఎలా పరిగెత్తింది, అన్నీ అందులో ఉంటాయి. ఎవరి ఆలోచన వాళ్లు చేసుకుని, ఆరు పందేలకు ఆరు పేర్లు శనివారం సాయంత్రంలోగా మెయిల్ చేయాలి. సీజన్ చివర మొదట నిలిచినవాడి పేరు ఏడాది పొడవునా వెబ్‌సైట్ నెత్తిన ఉంటుంది. బహుమానం అంతే. ఆ కాస్తదానికే బోనకల్ నుంచి బెంగళూరు దాకా నలభై మంది ప్రాణం పెట్టి ఆడేవారు.

దస్రు మాస్టారు అడవి లోపలి గూడెం బళ్లో పంతులు. అక్కడ నెట్ ఎక్కడిది? శుక్రవారం జాబితా బస్సులో వెళ్లేది. శనివారం ఆయన చీటీ బస్సులో వచ్చేది. సెంటర్లో పనిచేసే సరళ దాన్ని టైప్ చేసేది. బస్సు రూల్ ఆయన కోసమే పుట్టింది.

ఈసారి ఆఖరి వారం. శని, ఆదివారాలు బంద్, బస్సు కదల్లేదు. సోమవారం సాయంత్రం బడి వదిలాక మాస్టారే చీటీ పట్టుకుని దిగాడు. ఆరింటిలో అయిదు గుర్రాలు గెలిచినవే. చీటీ చెల్లితే సీజన్ ఆయనదే.

"రూల్ సంగతి కాదు మాస్టారూ. ఈ సీజన్లో ఎవరికీ మూడు దాటలేదు. మీకు ఒక్కసారే అయిదా?"

"అవ్. ఈసారి మంచిగ కుదిరింది."

"పందేలు అయిపోయిన మర్నాడు కుదిరింది!"

మాస్టారి ముఖంలో నవ్వు పోయింది. "శనివారం పొద్దుగాలనే రాసిపెట్టిన. బంద్‌ల మా గూడేనికి పేపర్ గూడ రాలే."

"బస్టాండ్‌లో దొరుకుతుంది కదా పేపరు. దిగాక రాయడం అయిదు నిమిషాల పని."

"గట్లయితే ఆరోది ఎందుకు తప్పు పోయింది?"

"ఆరుకి ఆరూ రాస్తే ఎవరు నమ్ముతారు?"

"అంటే నేను దొంగనా?"

"నేనామాట అన్లేదే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారేంటి?"

అనాల్సిన మాట కాదది. సరళ తల దించుకుని కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది.

మాస్టారు గోడకు అంటించిన ఫలితాల కాగితం దగ్గరికి నడిచాడు. పై నుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. అట్టడుగున చిన్న అక్షరాల దగ్గర ఆ వేలు ఆగిపోయింది. గబుక్కున వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు. వెంకటకృష్ణ ముఖం చూసి, ఎందుకో ఆగాడు.

"మూడేండ్ల సంది నన్ను చూస్తున్నవ్ గదన్నా. శనివారం రాసిన అంటున్న. నమ్ముతవా, నమ్మవా? ఒక్కటే మాట చెప్పు."

"నమ్మకం వేరు, పోటీ వేరు. నలభై మందికి జవాబు చెప్పుకోవాలి నేను."

"సరే మరి," అని మాస్టారు మెట్లు దిగిపోయాడు.

వెంకటకృష్ణ ఆ వేడి మీదే మెయిల్ కొట్టాడు. దస్రు గారి చీటీ ఫలితాలు చూసి రాసినట్టు అనుమానంగా ఉందనీ, ఆయన్ను పోటీ నుంచి తప్పిస్తున్నాననీ. నలభై మందికీ పోయింది. న్యాయమే చేశాననుకున్నాడు, పాపం! టీ తెప్పించుకున్నాడు.

చీటీని ఫైల్లో పెట్టబోతూ సరళ ఆగింది. "అన్నా, ఈ ఆరో గుర్రం, బ్లూ లాంతర్, ఎన్నోదిగ వచ్చింది?"

"ఆఖర్న ఉంటుంది చూడు."

"ఆఖర్న గూడ లేదు. ఆఁ, గిదిగో, కింద చిన్నగ రాసిన్రు. కాలు బెణికిందని శనివారం మధ్యాహ్నమే తీసేసిన్రంట. అది అసలు పరిగెత్తనే లే."

వెంకటకృష్ణ గ్లాసు బల్ల మీద పెట్టి చీటీ అందుకున్నాడు. ఫలితాలు చూసి రాసేవాడు, కావాలని తప్పు పెట్టాలన్నా, ఓడిపోయిన గుర్రం పేరు పెడతాడు. పందెంలోనే లేని గుర్రాన్ని ఎవడు రాస్తాడు? శుక్రవారం జాబితా ఒక్కటే చూసినవాడు రాస్తాడు. చీటీ శనివారం పొద్దున రాసిందే.

మోటార్ సైకిల్ తీసి బస్టాండ్‌కి పరిగెత్తించాడు. దారి పొడవునా సిగ్గుతో చచ్చిపోయాడు. గూడెం వెళ్లే ఆఖరి బస్సు అప్పటికే ఇంజన్ ఆన్ చేసుకుని ఉంది. కిటికీ పక్కన మాస్టారు, ఒళ్లో చేతిసంచీ.

"మాస్టారూ! తప్పయిపోయింది, క్షమించండి. బ్లూ లాంతర్ పరిగెత్తనే లేదు! మీరు ముందే రాశారనడానికి అదే రుజువు. ఇప్పుడే వెళ్లి అందరికీ మెయిల్ చేస్తా. ఈ సీజన్ మీదే!"

"తెల్సన్నా. గోడ మీద చదివినప్పుడే తెల్సింది."

"తెలుసా? మరి ఆ ముక్క అప్పుడే నా మొహాన కొట్టొచ్చు కదా మాస్టారూ! ఎందుకు చెప్పలేదు?"

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది. మాస్టారు కిటికీలోంచి కొంచెం ముందుకు వంగాడు.

"గుర్రం సాక్ష్యం లేకుండ మనిషిని నమ్ముతవేమోనని చూసిన."