కర్పూరం వేళ

తెర మీద మళ్ళీ ఎర్ర గుర్తే వచ్చింది.

సుబ్బులక్ష్మి కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. తమిళనాడులోని కోవిల్‌పట్టి ఆడపిల్లల బడిలో ఆమె లెక్కల టీచరు. పక్కన కూర్చున్న శాంతిప్రియ కంప్యూటర్ టీచరు. బడి వదిలేశారు. కంప్యూటర్ గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"మీ పరీక్ష పాసయింది అక్కా," అంది శాంతిప్రియ మెల్లగా. "ఫెయిలయింది కుమారవేల్‌ది."

తెర మీద ఉన్న ప్రోగ్రాం పేరు కావలి. అగ్గిపెట్టెలు చేసే చోట్లను ఆ ఊళ్ళో తీప్పెట్టి ఆఫీసులంటారు. వాటి సరుకు గదుల్లో వేడి ఒక్కసారిగా పెరిగితే కావలి గంట మోగిస్తుంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తెరిచి చూడవచ్చు, దిద్ది పంపవచ్చు. పంపేవాళ్ళు దిద్దుబాటుతో పాటు ఒక పరీక్ష కూడా రాయాలి. వేడి ఇలా వస్తే ప్రోగ్రాం ఇలా చేయాలి అని చెప్పేదే ఆ పరీక్ష. పాత పరీక్షలూ కొత్తదీ అన్నీ పాసైతేనే విరుదునగర్‌లో ఉండే దామోదరసామి దాన్ని చేర్చుకుంటాడు. ప్రాజెక్టు బాధ్యత ఆయనది.

కుమారవేల్ సుబ్బులక్ష్మి కొడుకు. తీప్పెట్టి ఆఫీసులో మిషన్లు చూసే పని. కావలిలో 'కరిసల్' అనే పేరుతో రాసేవాడు. అసలు పేరు గానీ ముఖం గానీ దామోదరసామికి తెలియవు.

శుక్రవారం పొద్దున సరుకు గది వాకిట్లో కర్పూరం వెలిగించి హారతి ఇవ్వడం ఆ ఆఫీసు ఆనవాయితీ. ఇచ్చినప్పుడల్లా గంట మోగేది. పనివాళ్ళు విసుగెత్తి వైరు పీకేసేవాళ్ళు. అందుకని కుమారవేల్ కొన్ని వరుసలు రాశాడు: శుక్రవారం పూజ వేళ వేడి పెరిగినా గంట మోగకూడదు. దానికి తగ్గ పరీక్ష కూడా రాశాడు. మొదట తన ఆఫీసులోనే పెట్టి చూశాడు. ఈ సాయంత్రం ఆరింటికి వెలువడే కొత్త వెర్షన్‌తో ఆ వరుసలు కావలి ఉన్న ప్రతి గదికీ వెళ్తాయి.

ఇవాళ గురువారం.

సుబ్బులక్ష్మి ఆ వరుసలు తీసేసింది. పూజ వేళైనా గంట మోగాలని పరీక్ష రాసి, కరిసల్ తన కొడుకేనని ఒక మాట చేర్చి దామోదరసామికి పంపింది. ఇప్పుడు తల్లి పరీక్ష పాసైతే కొడుకుది పోతుంది, కొడుకుది పాసైతే తల్లిది పోతుంది.

ఫోను మోగింది. దామోదరసామి తమిళంలో మొదలుపెట్టి, ఆమె మాట తీరు పట్టుకుని ఇంటి బాస అయిన తెలుగులోకి మారాడు.

"టీచరమ్మా, మీరు పంపింది చూస్తిని. ఒకరి పరీక్షను ఇంకొకరు తీసేయకూడదు. రాసినోళ్ళు సరి అనాల. అదే ఇక్కడి రూలు. మీ వాడిని ఒక మాట రాయమనండి."

"వాడు అడ్డం చెప్పడు సార్."

"మీరు చెప్తే సరిపోతుందా? నేను ఎన్ని తడవలు రాసినా బదులే లేదు. ముందంతా అడక్కనే రాస్తా ఉండె. అమ్మకీ కొడుక్కీ కొట్లాటంటే ఇంట్లో తేల్చుకోండి. నన్ను పంచాయితీకి పిలవద్దండి."

ఆయన నవ్వాడు. శాంతిప్రియ ఫోను వైపు వంగి ఏదో చెప్పబోయింది. సుబ్బులక్ష్మి ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఆరింటిలోపల జవాబు రాకపోతే ఆమె దిద్దుబాటును చేర్చుకోకుండా మూసేస్తానని చెప్పి దామోదరసామి పెట్టేశాడు.

"ఇది కుమారవేల్ లాప్‌టాపే కదా అక్కా," అంది శాంతిప్రియ. "వాడి అకౌంటు తెరిచే ఉండాది. సరి అని వాడి పేరుతో రాసేస్తే అయిపాయె."

"వాడి మాట నేను రాయకూడదు."

అయితే ఉన్న సంగతి సార్‌కు చెప్పెయ్యమంది శాంతిప్రియ. సుబ్బులక్ష్మి ఒప్పుకోలేదు. ఇంటి సంగతి చెప్పి తీయిస్తే, రేపు ఇంకెవరో కర్పూరం కోసమని మళ్ళీ పెడతారు. లెక్క చూసి తియ్యాలి అంది.

ఆ లెక్కే రాయడం మొదలుపెట్టింది. కర్పూరం వేడీ సరుకు అంటుకున్న మంట వేడీ మొదట్లో ఒకేలా ఎక్కుతాయి. రెండూ వేరని తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. కాబట్టి గంట మోగాల్సిందే, కర్పూరమే గది నుంచి దూరం జరగాలి. పిల్లలకు బోర్డు మీద చెప్పినట్టు ఒక్కొక్క మెట్టూ రాసి పంపింది.

ఆరు కావస్తుండగా మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి ఆయన గొంతులో నవ్వు లేదు.

"లెక్క సరిగానే ఉండాది. మీ పరీక్షలో వేడి అంకెలు యాడివి? మీరే కూర్చినారా?"

"లేదు సార్. మా వాడి ఆఫీసువి. ఒక శుక్రవారం పొద్దున గదినుంచి ఈ లాప్‌టాప్‌కి వచ్చినవి."

"నిజం అంకెలు ఇట్లా సగంలో నిలుస్తాయా? వేడి ఎక్కుతా ఎక్కుతా అట్లే తెగిపోయిండాది. కర్పూరమైతే మళ్ళీ దిగాల కదా. దిగిన అంకెలు మీ లెక్కకు ఒప్పలేదని కోసేసినారా?"

శాంతిప్రియ తల దించుకుంది.

"నేను ఏదీ కొయ్యలేదు సార్. ఆ తర్వాత అంకెలు రాలేదు."

"ఏమిటికి రాలేదు? సగం అంకెలు నమ్మి నేను ఒకరి పరీక్షను ఎట్లా తీసేది? మూసేస్తా ఉండాను టీచరమ్మా. లేదంటే ఇప్పుడే మీ వాడిని అడగండి, ఆ పొద్దున గదిలో ఏమయిందో."

సుబ్బులక్ష్మి తెర మీది చివరి అంకె వైపు చూసింది. తరగతిలో హాజరు పిలిచే గొంతుతోనే జవాబు చెప్పింది.

"వాడు ఆ గది లోపలే ఉండినాడు సార్."