ఐదు దాకా లెక్క

“ఆ గొణుగుడు తీసెయ్యమ్మా. మావాడికి పైకి లెక్కపెట్టుకోందే చెయ్యి ఆడదు,” అన్నాడు కీబోర్డు విద్వాంసుడు, పక్కనే కూర్చున్న బావమరిది వైపు చూడకుండానే.

పద్దెనిమిది నెలలకే విడిపోయిన ముగ్గురి రాక్ బృందం వాళ్లది. రికార్డయిన ఒకే ఒక్క కచేరీ ఇరవై ఏళ్లకు ఆల్బమ్‌గా వస్తోంది. డ్రమ్ములు వాయించిన బావమరిది గొంతు కూడా ఆ డ్రమ్ముల మైకులో పడింది.

“తీసెయ్యండి మేడమ్. మన పరువు పోతుంది,” అన్నాడు బావమరిది.

“మన ఏంట్రా మొద్దూ! పోయేది నీదే.”

సౌండ్ ఇంజనీరు ఆ మైకు ఒక్కటే వినిపించింది. డ్రమ్ములు ఏడేసి దెబ్బల చుట్టులో తిరుగుతున్నాయి. గొంతు మాత్రం ఐదు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వస్తోంది.

“ఈయన వాయించేది ఏడు కదా సార్? మరి ఈ ఐదు ఎవరిది?”

ఐదు కీబోర్డు విద్వాంసుడిది; అతను వాయించేది ఐదేసి దెబ్బల చుట్టు. ఇన్నేళ్లూ తను వెక్కిరించిన ఆ లెక్క తన కోసమే.

“ప్రతి కచేరీలోనూనా?” అనడిగాడు.

“తిడుతూనే అందుకునేవాడివి బావా.”

బావ ఇంజనీరు వైపు తిరిగాడు. “తీసెయ్యి.”

ఆమె తీసేసింది. పాట శుభ్రంగా వినిపించింది. బావ తన వాయిద్యం వెంట మనసులోనే లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. మూడో చుట్టులోనే లెక్క తప్పాడు.