కుడివైపు నొప్పి

"ఫోన్లో చూస్తే కడుపులో ఉన్నది కనిపిస్తుందా అక్కా?"

అడిగింది పాప తల్లి. అక్క మంచం పక్కన స్టూలు మీద నీళ్ళ సీసాకి ఫోన్ ఆనించి, పాప ముఖం తెరలో పడేలా అటూ ఇటూ జరుపుతోంది. పాప మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి ఇప్పుడు కుడివైపు కిందికి దిగింది. తిన్నది నిలవడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది.

తల్లిది ఎప్పుడూ చెడే ముందు తోచే మనసు. పాప తుమ్మితే న్యుమోనియా అనుకుంటుంది, దగ్గితే క్షయ అనుకుంటుంది. ఆమె భయాలను ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది. కానీ ఈసారి అపెండిక్సేనని ఆమెకు గట్టి నమ్మకం. ఇలాంటి నొప్పిని ఇంతకుముందు ఒకసారి కళ్ళారా చూసింది.

పొద్దున తనే ప్రభుత్వ ఫోన్ వైద్యం నంబరుకి చేసింది. మిషను గొంతు ఆరోగ్య కార్డు నంబరు నొక్కమంది. ఆయనకి కంపెనీలో పని పోయి కాంట్రాక్టరు దగ్గర చేరాక తమ కార్డు ఆగిపోయిందని, నొక్కడానికి నంబరే లేదని ఆ మిషనుకే మొరపెట్టుకుంది. అది మళ్ళీ నొక్కమంది. చివరికి ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి, కార్డు లేనివాళ్ళకి ఈ వైద్యం వర్తించదని, సొంత ఖర్చుతో ఎక్కడైనా చూపించుకోవచ్చని మర్యాదగా చెప్పి పెట్టేసింది. నేరుగా పెద్దాసుపత్రికి పోతే గేటు దగ్గరే అడ్వాన్సు కట్టమంటారు. అదే, ఫోన్లో డాక్టరు అర్జెంటని రాస్తే అంబులెన్సు ఇంటి ముందుకే వస్తుంది, పైసా అడగరు. రోగం పిల్లకి, వైద్యం కార్డుకి. ఇదెక్కడి న్యాయమో ఆమెకు అర్థం కాలేదు.

కబురు అందగానే అక్క పరుగున వచ్చింది. బావగారి గుండె మందులు నెలనెలా కార్డు మీదే ఇంటికొస్తాయి గనక ఆ ఫోన్ వైద్యంలో అక్కకి తెలియని సందు లేదు. ఏవేవో నొక్కింది. లైను దొరికింది.

డాక్టరు కంటే ముందు షరతులు వచ్చాయి. కార్డును తప్పుగా వాడితే ఇంటిల్లిపాదికీ రద్దు చేస్తారట.

"ముందు మనల్ని దొంగల్ని చేసి, ఆ తర్వాత మందులిస్తారన్నమాట," అంది తల్లి.

"నువ్వు నోరు మూసుకుని కూర్చో. మాట్లాడేది నేను," అంది అక్క.

తెర మీదికి వచ్చిన డాక్టరు కుర్రాడు. వీళ్ళని కాకుండా పక్కన ఇంకేదో చూస్తూ మాట్లాడుతున్నాడు. పేరు, వయసు అడిగాడు. పాప నోరు తెరిచేలోగా అక్కే చెప్పేసింది. నిన్న ఏం తిన్నావని అడిగాడు. దానికీ అక్కే చెప్పింది. గ్యాస్ అయి ఉంటుందని, సిరప్ రాస్తానని అన్నాడు.

తల్లి ఇక ఆగలేకపోయింది. పాప కుడికాలు చాపలేకపోతోందని, దగ్గితే పొట్ట పట్టుకుని ఏడుస్తోందని ఫోన్లోకి వంగి గబగబా చెప్పింది.

"ఆవిడెవరు?" అన్నాడు డాక్టరు.

"మా చెల్లెలండీ. కాస్త కంగారు మనిషి."

తల్లికి ఒళ్ళు మండింది. కన్నపేగు మెలిపడుతుంటే కంగారు పడక ఊయల ఊగుతారా? ఏదో అనబోతే అక్క ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు చూస్తే ఆమెకు ఇంకా మండింది. డాక్టరంటే అక్కకి ఎంత భయమో, పిల్ల ఏమైపోయినా ఆయనకి కోపం రాకూడదు కాబోలు.

"పొట్ట నొక్కి చూడకుండానే గ్యాసని ఎలా చెప్తారండీ?"

"ఫోన్లోంచి నొక్కలేను కదమ్మా."

"అందుకే ఆసుపత్రికి పంపమంటున్నాను."

"ప్రతి కడుపునొప్పికీ అంబులెన్సు పంపితే, నిజంగా అవసరమైనవాళ్ళకి మిగలదమ్మా."

"నిజంగా అవసరమైనవాళ్ళు ఎలా ఉంటారు? పోయాక తెలుస్తుందా మీకు?"

అక్క ఆపమని గొణిగింది. డాక్టరు నిట్టూర్చి, ఇది అపెండిక్సేనని ఎవరు చెప్పారని అడిగాడు.

"ఒకరు చెప్పేదేముందండీ, చూశాను. రెండేళ్ళ కిందట సరిగ్గా ఇలాగే మొదలైంది. ఇదే చోట. అప్పుడూ మీలాంటాయనే గ్యాసన్నాడు. ఇంకో పూట ఆగితే దక్కేది కాదన్నారు ఆఖరికి."

డాక్టరు మొదటిసారి తెర వైపు సరిగ్గా చూశాడు. తర్వాత తన పక్కనున్న కంప్యూటర్లో వెతికాడు. అతని ముఖం తేలికపడింది.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. రెండేళ్ళ కిందటి కేసు ఈ కార్డు మీదే ఉంది. ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసేశారు కూడా. లేనిది మళ్ళీ ఎలా నొప్పెడుతుంది?"



తడిగుడ్డ నుదుటి మీంచి జారిపోతే పాప మూలిగింది. ఎవరూ దాన్ని సర్దలేదు. సిరప్ పేరు పంపిస్తున్నానని, ఇంకేమైనా అడగాలా అని డాక్టరు అన్నాడు. పొద్దుటినుంచి మిషనుతోనూ మనిషితోనూ పోట్లాడిన తల్లికి ఇప్పుడు ఒక్క మాట పెగల్లేదు. చెప్పాల్సింది నాలుక చివరే ఉంది. కానీ చెప్పే హక్కు తనది కాదు. ఆమె అక్క వైపు చూడలేక నేల వైపు చూసింది.

"అమ్మా, లైన్లో ఉన్నారా? వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

 డాక్టరు చెయ్యి లైను కట్ చేయడానికి ముందుకు కదిలింది.

అక్క చెల్లెలి మణికట్టు వదిలేసి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఆ కార్డు నా కూతురిది, డాక్టరుగారూ."