ఒక పేజీ తక్కువ

స్క్రీన్ మీద మళ్ళీ ఎర్ర డబ్బా వచ్చింది.

‘పేజీల సంఖ్య సరిపోలేదు. అప్‌లోడ్ కుదరదు.’

నాగదుర్గ మౌస్‌ని బల్ల మీద ఠపీమని కొట్టింది. మూడు రోజుల్లో ఇది నాలుగోసారి. ఉండాల్సినవి 213. సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నవి 212. ఒక్క పేజీ తగ్గినా కట్టంతా వెనక్కి కొట్టేస్తుంది. మళ్ళీ మొదటి కాగితం నుంచి స్కాన్ చేసుకుంటూ రావాలి.

మత్స్యకారుల సహకార సంఘం పాత రికార్డులన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించే పని అది. రాజమండ్రిలోని చిన్న కంపెనీ ఒకటి ఒప్పుకుని, నాగదుర్గని పంపించింది. రోజూ అమలాపురంలో బస్సెక్కి, సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరు చేరేసరికి పది దాటుతుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కిటికీ. ఆ కిటికీ దగ్గర పెడితే తప్ప ఫోన్‌కి సిగ్నల్ అందదు.

“మళ్ళీ వద్దందా అమ్మాయిగారూ?” అంది అప్పాయమ్మ.

ఆఫీసు ఊడ్చి, నీళ్ళు పట్టి పెట్టే మనిషి. స్కానింగ్ మొదలైన రోజు నుంచీ పక్కనే కూర్చుని, కాగితాలకున్న గుండుసూదులు తీసి, మడతలు సాఫు చేసి అందిస్తోంది. చదువు రాదు. మధ్యాహ్నం ఒక్కసారి మాత్రం ఒడ్డుకెళ్ళి చూసొస్తుంది.

“రెండు కాగితాలు అతుక్కుని ఒకేసారి వెళ్ళిపోతున్నాయనుకుంటానండి” అంటూ నాగదుర్గ స్కానర్ మూత తెరిచి, రోలర్లు తడిగుడ్డతో మరోసారి తుడిచింది.

మొదటి రోజు సభ్యుల ఫారాలు స్కాన్ చేస్తుంటే ఒక ఫోటో దగ్గర ఆగింది. ఓలేటి గంగయ్య. ఒత్తుగా జుట్టు, నవ్వు మొహం. భార్య పేరు అప్పాయమ్మ అని ఉంది.

“మీ ఆయనేనా అండీ?”

అప్పాయమ్మ సిగ్గుపడుతూ తలూపింది. “ఆరేనండి. వేటకెళ్ళారు.”

“ఈ ఫోటో ఇందులోకి ఎక్కితే ఇక చెదలు పట్టే భయం లేదండి. ఎప్పుడు, ఎక్కడ చూసినా ఇలాగే ఉంటుంది.”

“కాయితంలో ఏది రాసుంటే అదే ఉండిపోద్దా?”

“అదేనండి. ఒకసారి ఎక్కాక మార్చడానికుండదు.”

అప్పాయమ్మ తర్వాతి కాగితానికున్న గుండుసూది తీసింది. ఆ మధ్యాహ్నమే ఎర్ర డబ్బా మొదలైంది.

ఇక మెషీన్‌ని నమ్మి లాభం లేదనిపించింది నాగదుర్గకి. నేల మీద చాప వేసుకుని, వేలు తడుపుకుంటూ ఒక్కో కాగితం లెక్కపెట్టింది. 212. మళ్ళీ పెట్టింది. 212.

సెక్రటరీ ఎదురుగా కూర్చుని లెక్కపెట్టి, 213 అందాయని సంతకం చేసింది తనే. ఏ పేజీ పోయిందో చూద్దామంటే నంబర్లున్న మూలలన్నీ ఎలకలు కొట్టేశాయి. బీరువా వెనక చూసింది. బల్ల కింద చూసింది. చెత్తబుట్ట నేల మీద గుమ్మరించింది. ఎక్కడా లేదు.

కిటికీ దగ్గర ఫోన్ మోగింది. రాజమండ్రి నుంచి సూపర్‌వైజర్ యుగంధర్.

“మూడు రోజుల్నించి ఒక్క కట్ట ఎక్కించలేకపోయావేంటమ్మా?”

“ఒక పేజీ కనబడట్లేదు సార్.”

“కనబడకపోవడమేంటి? సంతకం పెట్టి తీసుకున్నావు కదా! సంఘం వాళ్ళ ఒరిజినల్ పోగొట్టావంటే నిన్ను ఉద్యోగంలో ఉంచడం నా చేతుల్లో లేదు. సాయంత్రంలోగా తేల్చు.”

ఫోన్ పెట్టేసి నాగదుర్గ చాప మీద కూలబడింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఏడుపు, కోపం కలిసి వచ్చేశాయి.

“పోగొట్టలేదండీ నేను! ఒక్క కాగితమైనా ఈ గది దాటలేదు. అదేమన్నా గాలికి ఎగిరిపోయిందా?”

అప్పాయమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది. నడుం దగ్గర చీర కుచ్చిళ్ళలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి చాప మీద పెట్టింది.

“తీసుకోండమ్మా. మీ ఉద్యోగం పోద్దనుకోలేదు నేను.”

నాగదుర్గ ఒక్కసారిగా మండిపడింది. “మీరా? మూడు రోజులు నా చేత గొడ్డుచాకిరీ చేయించి…” అంటూనే మడతలు విప్పింది.

చదివింది. మరోసారి చదివింది.

“చదువు రాదన్నారు కదండీ. ఇదేనని ఎలా పోల్చుకున్నారు?” అని మెల్లగా అడిగింది.

“వరసగా నీలం వేలిముద్రలున్నాయి కదమ్మా. మా పేటలో ఆడాళ్ళందరూ వేశారు. నన్నూ వెయ్యమని ఇంటికొచ్చి మరీ అడిగారు. నేను వెయ్యలేదు.”

నాగదుర్గ కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచింది. అప్పాయమ్మ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. కిటికీ దగ్గరికెళ్ళి ఫోన్ చేసింది.

“సార్, పేజీ పోలేదు. మొదట లెక్కపెట్టడంలో పొరపాటు నాదే. ఉన్నవి 212.”

“అలాగని రాసివ్వాలి. నీ రికార్డులో రిమార్కు పడుతుంది, తెలుసా?”

“పడనివ్వండి సార్.”

వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. 213 చెరిపి 212 కొట్టింది. నీలం గీత మెల్లగా పాకి, పాకి, చివరికి పచ్చ టిక్కు పడింది. అప్పాయమ్మ ఆ వెలుగు వంక కాసేపు చూసి, పొద్దు వాలకుండా ఒడ్డుకెళ్ళొస్తానని చెప్పి బయల్దేరింది.

ఆమె కుచ్చిళ్ళలో ఉన్న ఆ కాగితంలో, ఇరవై తొమ్మిదేళ్ళ కిందట తుఫానుకి సముద్రంలో చనిపోయినట్టు సంఘం తీర్మానించిన పదకొండు మంది పేర్లలో, ఎదురుగా భార్య వేలిముద్ర లేని ఒకే ఒక్క పేరు ఓలేటి గంగయ్య.